నలభై రెండు ఖాళీ ఇళ్లు

పోయిన వారం కావ్యను పెనుకొండ బస్సు ఎక్కించి కథ ఆపాను. ఎందుకు ఎక్కించానో మరిచిపోయినవాళ్లకూ, ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్లకూ రెండు ముక్కల్లో చెప్తాను. నా పేరు ప్రమీల. హిందూపురంలో లైబ్రేరియన్‌గా ఇరవై రెండేళ్ల సర్వీసు. కోపం నా ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. కావ్య మా ఊరి పిల్లే. బెంగళూరులో టౌన్ ప్లానింగ్ పీజీ, చివరి సెమిస్టరు. ధర్మవరం దాటి తాడిమర్రి దారిలో ఈరప్ప కొట్టాల అని గొర్రెల కాపర్ల పల్లె ఒకటుంది, నలభై రెండు ఇళ్లు. కొత్తగా గీసిన పట్టణ ప్లానులో ఆ ఇళ్ల మీద లారీల స్టాండు వచ్చి కూర్చుంది. దానికి కారణంగా రాసింది ఒకే వాక్యం: "నలభై రెండు కట్టడాలు, మనుషులెవరూ నివసించడం లేదు."

ఆ వాక్యం తప్పని నిరూపించడమే కావ్య థీసిస్. అభ్యంతరాల మీద విచారణ శుక్రవారం పదకొండు గంటలకు పెనుకొండలో. ఆ రోజు నోరు విప్పకపోతే ఇళ్లు పోయినట్టే. అందుకే, ఆ వాక్యాన్ని మొట్టమొదట రాసిన మనిషెవరో పట్టుకురా అని కావ్యను తరిమాను. ప్లాను తయారు చేసిన నవరేఖ అనే కన్సల్టెంట్ల అసలు రిపోర్టు పెనుకొండ రికార్డు గదిలో ఉంది. దాన్ని చూడడానికే వెళ్లింది.

గురువారం పన్నెండున్నరకు లైబ్రరీకి తిరిగొచ్చింది. ఎండకు మొహం కందిపోయి ఉంది. బ్యాగు బల్ల మీద పడేసి "దొరికింది మేడమ్!" అంది. ఫోనులో నలభై ఫోటోలు. రిపోర్టు అట్ట, లోపలి పేజీలు, మ్యాపులు, పట్టికలు. ఆరో పట్టికలో, ఆ పల్లె ఉన్న మ్యాపు షీటు ఎదురుగా, నల్లగా అచ్చేసి ఉంది: షీటు తొమ్మిది, కట్టడాలు నలభై రెండు, నివాసం లేనివి నలభై రెండు.

"ఈ పట్టిక కింద సన్న అక్షరాలున్నాయి, ఏమున్నాయో చదువు" అన్నాను.

"మూలం, అనుబంధం నాలుగు."

"ఆ అనుబంధం ఫోటో ఏది?"

"అది చివర్లో ఉండే లిస్టు మేడమ్. ఎవరు చదువుతారులే అని..."

నాకు ఒళ్లు మండింది. ఎవరు చదువుతారులే అనుకుంటారు కాబట్టే అబద్ధాలన్నీ అక్కడ కాళ్లు చాపుకొని పడుకుంటాయి. ప్లాను ఒక రిపోర్టును చూసి రాస్తుంది, ఆ రిపోర్టు ఇంకో రిపోర్టును చూసి రాస్తుంది, మూడో చేతికి వచ్చేసరికి అది తిరుగులేని నిజమై కూర్చుంటుంది. నా దగ్గరకు వచ్చే ప్రతి పీజీ పిల్లకూ పిల్లవాడికీ నేను చెప్పేది ఒకటే. ముందుకు చదవడం అందరికీ వచ్చు, వెనక్కి చదవడం నేర్చుకోండి. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, అక్కడికి ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు వెళ్లి చూశారు, ఏ నెలలో చూశారు, ఎవరిని అడిగారు. పోగా పోగా ఒక మనిషి తేలుతాడు. ఆ మనిషి తేలేదాకా వదలకూడదు. ఆ తర్వాత, వేరే పని కోసం తయారైన కాగితాలు తెచ్చి పక్కన పెట్టి చూడాలి. ఓటర్ల జాబితా, రేషన్ జాబితా, కరెంటు మీటర్ల జాబితా. ప్లాను కోసం రాసినవి కావు కాబట్టి వాటికి ప్లాను మీద ప్రేమా ఉండదు, పగా ఉండదు. పది రోజులు బల్ల గుద్ది చెప్పాను. ఈ తల్లి అట్ట ఫోటో మూడుసార్లు తీసి, అసలు పేజీ అక్కడే వదిలేసి వచ్చింది.

"పప్పు తెమ్మని పంపిస్తే గిన్నె కడిగి తెచ్చినావు గదే!" అన్నాను.

"అరవొద్దు మేడమ్, అందరూ చూస్తాండారు."

చూడనీ. గ్రూప్ టూ చదివే పిల్లలు నా అరుపులకు అలవాటు పడ్డారు, తలలు కూడా ఎత్తరు. కానీ పేపర్ల బల్ల దగ్గర, ఫ్యాను కింద కూర్చున్న ఏడుగురు మాత్రం మా వైపే చూస్తున్నారు. వాళ్లు ఈరప్ప కొట్టాల ముసలివాళ్లు. మాఘమాసం దాటితే ఆ పల్లెలో కాళ్లాడే వాళ్లందరూ పిల్లాజెల్లాతో మందలు తోలుకొని కాలువ కింది పొలాలకు పోతారు. పంట కోసిన చేలల్లో మంద కట్టి, తొలకరి వానకు తిరిగొస్తారు. మంద వెంట నడవలేనివాళ్లే ఊళ్లో ఉంటారు. ఈసారి ఉన్నది ఈ ఏడుగురు.

విచారణలో ఇవ్వాల్సిన అర్జీ మీద వీళ్ల వేలిముద్రలు తానే వెళ్లి వేయించుకొస్తానని కావ్య అంది. నేనే ఒప్పుకోలేదు. ఒకే మనిషి పది వేళ్లూ గుద్దాడని కొట్టేసిన అర్జీలు నేను చూశాను. ముద్రలు నా కళ్ల ముందర, నా సాక్షి సంతకంతో పడాలి, రాత్రికి మా ఇంట్లో పడుకొని పొద్దున్నే అందరం కలిసి పెనుకొండ పోవాలి, ఒక్కరు తగ్గినా నేను రాను అని భీష్మించుకున్నాను. పొద్దుటి రైలుకు ఏడుగురూ దిగారు. ముద్రలు పడ్డాయి. బొటనవేళ్లకు ఇంకా నీలం సిరా ఉంది.

వాళ్లలో నోరున్న మనిషి సిద్ధమ్మ. డెబ్బై దాటి ఉంటాయి. ఆమె లేచి వచ్చి కావ్య భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమ్ మేడమ్మా, పాపను అట్ల తిడ్తాండావు? పొద్దున్నుంచి బువ్వ తిన్నట్ల లేదు. మాకోసరమే గదా తిరుగుతాండాది."

నిజమే, కావ్యంటే ఆమెకు ప్రాణం. పోయిన కార్తీకంలో కావ్య మొదటిసారి పల్లెకు వెళ్లినప్పుడు సంగటి ముద్ద చేసిపెట్టి, గొర్రెల దడి పక్కన మంచం వేసి మూడు రోజులు ఉంచుకుంది. మా కావ్య, మా కావ్య అని అందరికీ చెప్పుకునేది.

నేను పెనుకొండకు ఫోన్ చేశాను. అక్కడి రికార్డు గదిలో పనిచేసే తిరుపాల్ ఒకప్పుడు నా రీడింగ్ రూములో నాలుగేళ్లు చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాడు.

"ఏమబ్బా తిరుపాల్, ఆ నవరేఖ రిపోర్టు వెనకాల అనుబంధం నాలుగు ఉంటాది. ఫోటో తీసి పంపించు."

"అరగంటలో పంపిస్తా మేడమ్. బీరువా తాళం తేవల్ల."

ఆ అరగంటలో టీ తెప్పించాను. సిద్ధమ్మ గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"ఆ రాసినోడు యాడోడమ్మా? మా ఇండ్లు ఇండ్లు కాదంట! మేం మనుషులం కాదంట! వాని చేతులు పడిపోను. వాడు తినే కూట్లో మన్ను పడ. నా మొగుడు రాయి రాయి మోసి కట్టిన ఇల్లమ్మా అది. నా బిడ్డలు ముగ్గురూ ఆ గడప కాడనే పుట్టినారు. దాన్ని ఖాళీ అంటాడా వాడు?"

"నువ్వు ఊరుకో అవ్వా" అంది కావ్య. పళ్లు కొరుకుతోంది. "వాడు ఎవడైనా సరే, ఎంత పెద్దోడైనా సరే. రేపు అందరి ముందర వాని పేరు గట్టిగా చదువుతా. ఊరికి పోయినాడో, ఏసీ రూములో కూచుని రాసినాడో తేల్చాల్సిందే. వాన్ని ఇడిచిపెట్టను."

ఫోను మోగింది. తిరుపాల్ ఫోటో పంపించాడు. నేను కళ్లద్దాలు పెట్టుకున్నాను. కాగితం చేతికొస్తే పైకి చదవడం నాకు అలవాటు. ఆ ఏడుగురికీ వినపడాలని ఇంకాస్త గట్టిగానే చదివాను.

"అనుబంధం నాలుగు. క్షేత్ర సర్వే వివరాలు. షీటు ఒకటి నుంచి పన్నెండు వరకు, టౌన్ ప్లానింగ్ పీజీ విద్యార్థుల స్టూడియో నివేదిక నుంచి. సర్వే జరిగిన నెల, పోయిన సంవత్సరం ఏప్రిల్. షీటు తొమ్మిది. సర్వే చేసినవారు..."

అక్కడ నా నోరు ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాను. అక్షరాలు మారలేదు.

"చెప్పు మేడమ్మా, ఎవడు?" అంది సిద్ధమ్మ.

"ఎన్. కావ్య" అన్నాను.

కావ్య నా చేతిలో ఫోను లాక్కుంది. పేజీని పెద్దది చేసింది, చిన్నది చేసింది. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అలా గుడ్లప్పగించి నిలబడింది.

"ఇది మా స్టూడియో పని మేడమ్, మార్కుల కోసం క్లాసంతా చేసే ఫీల్డు సర్వే" అంది చివరికి. "పన్నెండు మంది పోయినాం. ధర్మవరం చుట్టూ గళ్లు గీసి తలా ఒక షీటు ఇచ్చినారు. ఊర్ల పేర్లు ఇయ్యలేదు, నెంబర్లే. పట్టికలో తొమ్మిది అని చూసినా, అది కంపెనీవాళ్ల సొంత నెంబరు అనుకున్నా. నేను మధ్యాహ్నం మూడింటికి కారులో పోయినా. ఎండ. ఒక పురుగు గుడక లేదు. అది ఈ ఊరేనని నాకు తెలీదు మేడమ్. కార్తీకంలో పోయినప్పుడు కొత్త రోడ్డు మీద నుంచి పోయినా. జనం, గొర్లు, పిల్లలు, ఊరంతా తిర్నాల మాదిరి ఉన్నింది. నేను ఎట్ల గుర్తు పట్టాల?"

"ఆ ఫోటోలు ఉండాయా నీ దగ్గర?"

ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో షీటు తొమ్మిది అని ఫోల్డరు. అందులో నలభై రెండు ఫోటోలు, నలభై రెండు గుమ్మాలు. ఏ తలుపుకూ తాళం లేదు. ప్రతి గుమ్మానికీ అడ్డంగా తుమ్మకంప లాగి ఉంది. ఒక్కో ఫోటో కింద ఇంగ్లీషులో రాసుకుంది: తాళం లేదు, ముళ్లకంప పెరిగింది, వదిలేసిన ఇల్లు.

సిద్ధమ్మ వంగి తెరలోకి చూసింది. ఒక ఫోటో దగ్గర వేలు పెట్టింది. సిరా అంటిన వేలు.

"కంప పెరిగిండాదని రాసినావా?"

కావ్య తలూపింది.

"పెరగలేదు. మేమే కొట్టకొచ్చి పెట్టుకుంటాం. గొర్ల మీద పోయేటోళ్లు తలుపుకు తాళం ఎయ్యకూడదు పాపా. తాళం ఏస్తే మంద తిరిగి రాదంటారు. మా అత్త ఎయ్యలేదు, వాళ్లత్త ఎయ్యలేదు. కంప అడ్డం ఉండాదంటే, ఈ ఇంటోళ్లు మళ్లా వస్తారని. తాళం ఉంటే ఇల్లిడిచి పోయినారని. మా చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. టీ కొట్టు పోతులయ్యను అడిగినా చెప్తాడు. ఎవరినైనా అడిగినావా?"

కావ్య ఆ ఫోటోను పక్కకు జరపబోయింది.

"ఇది ఎవరి ఇల్లో తెలుసునా?" సిద్ధమ్మ వేలు ఇంకా ఆ ఫోటో మీదే ఉంది. "నాది. పోయినేడు ఆ నెలంతా నాకు చలిజ్వరం. కోడలు పోతా పోతా, కుక్కలు దూరకుండా కంప లాగి పెట్టి పోయింది. పక్కింటి ముసలాయన గంజి తెచ్చి పోస్తాన్నింటే తాగి పడుకున్నింటి. మధ్యాహ్నం తక్కిన ముసలోళ్లు గుడక గడపకు కంప లాగి, వంక కాడి చెట్ల నీడకు పోతారు. నువ్వు ఈ బొమ్మ తీసినప్పుడు నేను లోపలుండా కావ్యా! నీ కెమెరాకు పది అడుగుల్లో ఉండా! కంప పక్కకు లాగి తలకాయ లోపలికి పెట్టింటే కనపడేదాన్ని. చచ్చిన శవమైనా కనపడేది!"

గ్రూప్ టూ పిల్లలు ఈసారి తలలెత్తారు. ఆమె కంట్లో చుక్క నీళ్లు లేవు. అంత కోపం నేను ఈ మధ్య ఎవరిలోనూ చూడలేదు.

కావ్యకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఒక తెలివి కూడా వచ్చింది. అది చూసి నాకు నిజంగా కోపమొచ్చింది.

"మేడమ్, ఓటర్ల లిస్టు ఉండాది గదా" అంది కళ్లు తుడుచుకుంటూ. "రేషన్ లిస్టు, మీటర్ల లిస్టు ఉండాయి. నలభై రెండు ఇండ్ల పేర్లూ వాటిల్లో ఉండాయి. రేపు అవే చూపిద్దాం. ఈ అనుబంధం సంగతి ఎత్తొద్దు. ఎవరూ చదవరు."

"మళ్లీ అను!"

"అది కాదు మేడమ్..."

"ఇందాక వాడెవడో దొరికితే పేరు చదువుతా, ఇడిచిపెట్టనన్నావే. ఇప్పుడు దొరికింది. చదువు. నీకు నేర్పించిన విద్యతోనే నీ పేరును దాచిపెడతావా? ఓటర్ల లిస్టు చూపిస్తే వాళ్లేమంటారో తెలుసునా? పేర్లుంటాయమ్మా, మనుషులు వలస పోయినారు, మా సర్వేలో ఇండ్లు ఖాళీగా కనిపించినాయి అంటారు. ఆ సర్వే నిలబడినంతసేపు నీ లిస్టులన్నీ చిత్తుకాగితాలు. దాన్ని కొట్టగలిగే మనిషి లోకంలో ఒక్కరే. అది చేసినోళ్లు. సిగ్గుండాలి!"

అన్నాను. అందరి ముందరా అన్నాను. దాని తల్లి రత్నమ్మ టీచరు వింటే నన్ను జన్మలో పలకరించదు. అయినా అన్నాను.

కావ్య ఫోను తీసి, ఒకసారి సార్‌ను అడుగుతాను అంది. సార్ అంటే రాజశేఖర్, దాని గైడు. స్టూడియో నడిపించిందీ ఆయనే. స్పీకర్ పెట్టమన్నాను. పెట్టింది.

"త్వరగా చెప్పు కావ్యా, నేను సైటులో ఉన్నాను" అన్నాడాయన. వెనకాల గాలి హోరు వినిపిస్తోంది.

కావ్య చెప్పింది. షీటు తొమ్మిది, కంపలు, అనుబంధం నాలుగు. మా స్టూడియో రిపోర్టు నవరేఖకు ఎట్లా పోయింది సార్ అని అడిగింది.

"నేనే ఇచ్చాను. నేను వాళ్లకు సలహాదారుణ్ని కదా, తెలుసు కదా నీకు. పిల్లల పని ఒక ప్లానులో ఉపయోగపడితే సంతోషించాలి."

"కానీ అది తప్పు సార్. రేపు విచారణలో చెప్పాల."

ఆయన చాలా మెత్తగా మొదలుపెట్టాడు. "చూడమ్మా. ఆ రిపోర్టు మొదటి పేజీలో నీ సంతకంతో డిక్లరేషన్ ఉంది. ప్రతి కట్టడాన్నీ స్వయంగా పరిశీలించి నిర్ధారించాను అని. రేపు నువ్వు లేచి అది తప్పంటే, తప్పుడు సంతకం పెట్టానని నువ్వే ఒప్పుకున్నట్టు. స్టూడియో మార్కులు రద్దవుతాయి. జూన్‌లో థీసిస్ ఉండదు, డిగ్రీ ఉండదు. నీ మంచికే చెబుతున్నాను. రేపు పెనుకొండ వెళ్లకు."

ఇంక నా వల్ల కాలేదు. ఫోను లాక్కున్నాను.

"ఏం సార్, మంచికే చెబుతున్నారా? గొర్రెల కాపర్ల పల్లెకు ఏప్రిల్ నెలలో పిల్లలను పంపించింది ఎవరు? నలభై రెండు ఇళ్ల ఊరు మొత్తానికి మొత్తం ఖాళీ అని రాసుకొస్తే, ఎందుకమ్మా, ఎవరినైనా అడిగావా అని ఒక్క మాట అడగాల్సింది ఎవరు? మార్కులు వేసింది మీరు, కంపెనీకి అందించింది మీరు, ఇప్పుడు పరువు పోతుందనేసరికి సంతకం పిల్లదా?"

"మీరెవరండీ?"

"మీ రిపోర్టు చివరి పేజీ దాకా చదివినదాన్ని."

ఆయన ఫోను పెట్టేశాడు. పక్కనున్న చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాను.

కావ్య ఏడుస్తూనే ఉంది. సిద్ధమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది. దగ్గరకు తీసుకోలేదు, తల నిమరలేదు.

"ఏడ్చద్దు" అంది. "నువ్వు ఏడిస్తే నా ఇల్లు నిలబడదు. నీ సదువు పోతాదేమో, నాకు తెలీదు. నాకు జాలి లేకపోలేదు. కానీ రాసింది నువ్వు. రేపు అందరి ముందర నువ్వే కొట్టెయ్యల్ల. ఆ పని చేసినాంక కావాలంటే ఇద్దరం కూచోని ఏడ్చుకుందాం."

గోడ గడియారం రెండు దాటింది. కావ్య ముక్కు చీదుకుని, నా బల్ల మీది తెల్లకాగితం ఒకటి లాక్కుంది. నా పేరు ఎన్. కావ్య, అని మొదలుపెట్టింది. పోయిన సంవత్సరం ఏప్రిల్‌లో షీటు తొమ్మిది సర్వే చేసింది నేనే. ఒక పొరపాటు జరిగింది, అని రాసి నా వైపు తిప్పింది.

"జరిగిందా? దానంతట అదే జరిగిందా?" అన్నాను.

కొట్టేసి రాసింది. నేను తప్పు చేశాను. తలుపులు లెక్కపెట్టాను, మనుషులను అడగలేదు. ఒక ఇంటి లోపల జ్వరంతో ఉన్న మనిషి ఉండగా, ఆ ఇల్లు వదిలేసినదని రాశాను. నలభై రెండు ఇళ్లలోనూ కుటుంబాలు ఉన్నాయి. కార్తీకంలో వాళ్లందరినీ నా కళ్లతో చూశాను. ఆరో పట్టికలోని నా అంకె తప్పు. దాని మీద ఆధారపడిన ప్లాను కూడా తప్పు.

సంతకం పెట్టడానికి ముందు ఒక నిమిషం ఆగింది. డిగ్రీ గురించే ఆలోచించి ఉంటుంది, కాదనను. రెండేళ్ల చదువు, వాళ్లమ్మ ఆశలు, అన్నీ ఆ పెన్ను ములికి మీదే ఉన్నాయి. నేను నోరు మూసుకున్నాను. నా బతుకులో అలా నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ. పెట్టింది. కాగితం సిద్ధమ్మకు చదివి వినిపించింది. లోపల జ్వరంతో ఉన్న మనిషి అన్న చోట ఆగి, మొదటి నుంచి మళ్లీ చదివింది. సిద్ధమ్మ విని, "ఊ" అంది. అంతే.

నాకు మనసు కొంచెం కుదుటపడింది. ఇంక రేపటి పని తేలిక అనుకున్నాను. మూలం దొరికింది, మూలమే తప్పని మూలమే రాసిచ్చింది. ఏడుగురు మనుషులు ఎదురుగా నిలబడతారు. ఇంతకంటే ఏం కావాలి? ఏడుగురికీ భోజనాలు చెప్పాలని హోటలుకు ఫోను చేయబోతున్నాను.

అప్పుడు సిద్ధమ్మ నడుముకు దోపుకున్న చిన్న ఫోను మోగింది. ఆ ఫోనులో మాట్లాడేది పక్క వీధికి కూడా వినిపిస్తుంది. కొట్టాల మలుపులో టీ కొట్టు నడిపే పోతులయ్య.

"అవ్వా, యాడుండావు? ఈడ రెండు జీపులొచ్చినాయి. ఆఫీసరోళ్లు నలుగురు ఉండారు. ఇంటింటికీ పోయి ఫోటోలు తీస్తాండారు. పలుకుదామంటే ఒగ్గరూ లేరే! ముసలోళ్లు గుడక లేరే! అందరూ యాడికి పోతిరి?"

కావ్య ఒక్క అంగలో వచ్చి ఫోను అందుకుంది. "పోతులన్నా, నేను కావ్య. పరిగెత్తి పోయి, వాళ్లలో పెద్దాయనకు ఫోనియ్యి. తొందరగా!"

పోతులయ్య పరిగెడుతున్న చప్పుడు, ఆయాసం. తర్వాత గాలి హోరు. ఎవరో "హలో" అన్నారు. కావ్య చేతిలో కాగితం పట్టుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "సార్, నా పేరు కావ్య. పోయినేడు ఆ ఊరు సర్వే చేసింది నేను. ఆ ఇండ్లు ఖాళీ కాదు సార్. నేను తప్పు రాసినా. సంతకంతో రాసిస్తాండా. దయచేసి ఆగండి."

"ఇందాకే చెప్పాను కదమ్మా, సైటులో ఉన్నానని" అంది ఆ గొంతు.

రాజశేఖర్.

"నీ కాగితం అవసరం లేదు కావ్యా. పాత సర్వే మీద అనుమానాలు వస్తాయనే ఆఫీసర్లను ఈ రోజే తీసుకొచ్చాను. నలభై రెండు ఇళ్లూ తిరిగాం. ప్రతి ఇంటి ముందు నిలబడి కేకలు వేశాం. కంపలు తీసి లోపలికి కూడా చూశాం. పిల్లి కూడా లేదు. తేదీ, టైముతో అంతా వీడియో తీశాం. ఇప్పుడిది విద్యార్థి సర్వే కాదు, ఆఫీసర్ల ఎదుట జరిగిన తనిఖీ. నీ డిగ్రీకి వచ్చిన భయమేమీ లేదు. హాయిగా ఉండు."

ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. కావ్య కాగితం పట్టుకుని అలాగే నిలబడింది. నేను పేపర్ల బల్ల వైపు తిరిగాను. ఏడుగురూ నన్నే చూస్తున్నారు. ఈరప్ప కొట్టాల పుట్టినప్పటి నుంచి మనిషి లేని పూట ఒక్కటి కూడా లేదు, ఈ మధ్యాహ్నం తప్ప. ఈ మధ్యాహ్నం దాన్ని ఖాళీ చేయించింది నేను.